యంత్రం 'కాదు' అన్నప్పుడు

అనువాదకునికి 'కాదు' అనే మాట పెట్టే చిక్కులు ఇన్నీ అన్నీ కావు. ఒకడు వినిపించుకోకపోవడం వేరు, తలుపు తీయకపోవడం వేరు, 'నీవెవరో నేనెరుగను' అనడం వేరు. మూడింటినీ ఒక్క 'కాదు'తో సరిపుచ్చిన చోట అర్థం చేజారిపోతుంది. ఈ సంగతి పదిమందికీ చెబుతూ వచ్చిన నేనే మొన్న సంక్రాంతి సెలవులలో అదే తప్పు చేశాను. అయితే అప్పుడు నా ముందున్న మూలం ఏ ఆంగ్ల నవలో కాదు. అరచేతిలో ఇమిడే ఒక చిన్న కంప్యూటరు పలికిన రెండు మాటలు.

ఆ కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో రూపుదిద్దుకుని, 2012 ఫిబ్రవరి 29న విక్రయానికి వచ్చింది. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పాలన్నది దాని సృష్టికర్తల ఉద్దేశం. సాధారణ నమూనా పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. లినక్స్ మీద నడిచే ఈ బోర్డుకు తెర గాని, కీబోర్డు గాని ఉండనవసరం లేదు. అటక మీదనో అలమారలోనో కూర్చుని తన పని తాను చేసుకుంటుంది. దానితో మాట్లాడదలచినవారు మరో కంప్యూటరు ముందు కూర్చుని, ఇంటి నెట్‌వర్కు ద్వారా లాగిన్ కావాలి.

అందుకు వాడే పద్ధతి ఎస్ఎస్‌హెచ్. 1995లో ఫిన్లండుకు చెందిన తాతు యులోనెన్ దీనిని రూపొందించాడు. ఆయన పనిచేస్తున్న హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులను దొంగిలించడమే అందుకు ప్రేరణ. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్నెట్‌లో పాస్‌వర్డు పోస్టుకార్డు మీది రాత వలె దారిలో అందరికీ కనిపించేది; ఎస్ఎస్‌హెచ్ దానిని సంకేత లిపిలోకి మార్చి పంపుతుంది. కంప్యూటరులో ఒక్కొక్క సేవకు ఒక్కొక్క ద్వారం ఉంటుంది. దానినే పోర్టు అంటారు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ ద్వారం, టెల్నెట్‌ది 23వది. ఆ రెంటి నడుమ ఖాళీగా ఉన్న 22వది ఎస్ఎస్‌హెచ్‌కు దక్కింది.

ఇక నా కథ. మా నాన్నగారు ముప్పై ఏళ్లపాటు ఊరూరా తిరిగి సామెతలను నోటు పుస్తకాలలో రాసిపెట్టారు. ఆ పుటలను స్కాన్ చేసి, స్వగ్రామంలో మా అన్నయ్య ఇంట ఉన్న బోర్డులోని మెమరీ కార్డులో భద్రపరిచాను. ఆ తరువాత రెండు వర్షాకాలాలలో అసలు పుస్తకాలు చెదల పాలైనాయి. కార్డుకు మరో నకలు తీయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. 'రేపు' అనే మాటకున్న మహత్యం పాఠకులకు తెలియనిది కాదు.

భోగినాటి రాత్రి కరెంటు పోయి, తెల్లవారుజామున వచ్చింది. ఉదయం నా ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ కాబోతే, 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అన్న రెండు మాటలు తెర మీద వెలిశాయి. ఆ చిరునామాలో యంత్రమనేది ఉన్నదా లేదా అని 'పింగ్' అనే ఆదేశంతో పిలిచి చూశాను. వెంటనే బదులు వచ్చింది. బోర్డు బతికే ఉన్నది, కాని లోపలికి రానివ్వడం లేదు. పదిసార్లు ప్రయత్నించినా అదే మాట.

ఇంజనీరింగు చదువుతున్న మా అన్నయ్య కుమారుడు వచ్చి చూశాడు. "కరెంటు పోయినప్పుడు సిస్టమ్ పాడై ఉంటుంది బాబాయ్. కార్డు తీసి మళ్లీ మొదటి నుంచి రాసేద్దాం, పది నిమిషాల పని" అన్నాడు. విసుగుతో ఉన్న నేను సరేనన్నాను. వాడు బోర్డును విప్పి, కార్డును తన కంప్యూటరుకు తగిలించి, చివరి మీట నొక్కబోతూ ఆగాడు. "దీంట్లో కావలసినవేమైనా ఉన్నాయా బాబాయ్?"

నా గుండె జారిపోయింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోబోయాను! మళ్లీ రాయడమంటే కార్డులో ఉన్నదంతా తుడిచివేయడమే కదా.

వాడు కార్డును బయటికి తీశాడు. చేతులకు పని తోచక నేను ల్యాప్‌టాప్‌లో అదే ఆదేశాన్ని మరోమారు నొక్కాను. మళ్లీ అదే జవాబు: 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'.

ఇద్దరమూ ముఖాలు చూసుకున్నాము. బోర్డు బల్ల మీద ఉన్నది. దానికి కరెంటు లేదు, కార్డు లేదు. మరి జవాబిచ్చినదెవరు?

అప్పటికి గాని ఆ మాటను అనువాదకుని కంటితో చదవలేదు. 'రిఫ్యూజ్డ్' అంటే 'నిరాకరింపబడింది'. నిరాకరించడానికి ఎవరో ఒకరు అక్కడ ఉండి తీరాలి. ఆ చిరునామాలో ఒక యంత్రం ఉన్నది. కాని దాని 22వ ద్వారం వెనుక వినేవారు లేరు. ఆ మాటలో అంతవరకే ఉన్నది. ఆ యంత్రం మాదేనన్నది నేను కల్పించుకున్న అర్థం.

రౌటరులోని జాబితా తెరిచి చూస్తే రహస్యం బయటపడింది. ఇంటిలోని యంత్రాలకు చిరునామాలు పంచేది రౌటరే. కరెంటు వచ్చాక అది చిరునామాలను కొత్తగా పంచింది. మా బోర్డుకు అంతకుముందు ఉన్న అంకె హాలులోని టీవీకి దక్కింది! నేను తెల్లవారినప్పటినుంచీ టీవీ తలుపు తడుతున్నానన్నమాట. అది మర్యాదగానే పొమ్మంటున్నది.

కార్డును బోర్డులో పెట్టి, కరెంటు ఇచ్చి, కొత్త చిరునామాతో ప్రయత్నించాను. ఈసారి ల్యాప్‌టాప్ ఒక ప్రశ్న వేసింది: ఈ చిరునామా నాకు కొత్త, అయితే ఈ తాళపు గుర్తును మరో చిరునామాలో చూసి ఉన్నాను, ముందుకు సాగమంటావా? ప్రతి యంత్రానికీ తనదైన తాళపు గుర్తు ఉంటుంది. ఇల్లు మారినా మనిషి అతడేనని చెప్పే వేలిముద్ర వంటిది. సాగమన్నాను. పాస్‌వర్డు ఇస్తే, 'పర్మిషన్ డినైడ్' అన్నది.

ఈసారి తొందరపడలేదు. ఈ మాట వచ్చిందంటే తలుపు తెరుచుకున్నట్టే. గుమ్మంలో నిలబెట్టి మనమెవరమని అడుగుతున్నారు. ఆలోచిస్తే తప్పు తెలిసింది. ఇన్నాళ్లూ నేను వాడిన సంక్షిప్త నామంలో పాత చిరునామాతోబాటు వాడుకరి పేరు కూడా ఇమిడి ఉండేది. ఇప్పుడు చిరునామా ఒక్కటే రాశాను. పేరు చెప్పకపోతే ఎస్ఎస్‌హెచ్ మన ముందున్న కంప్యూటరులోని పేరునే అవతలికి పంపుతుంది. ఆ పేరుగలవారు బోర్డులో లేరు. సరైన పేరు జోడించాను. నాన్నగారి పుటలు కనిపించాయి.

ఇటువంటి బోర్డులు వాడే పాఠకుల కోసం ఆ మూడు మాటలకు నా అనువాదం ఇదిగో.

'కనెక్షన్ టైమ్డ్ అవుట్': పిలిచాము, బదులు లేదు. యంత్రం ఆగి ఉండవచ్చు, చిరునామా తప్పు కావచ్చు, లేదా నడుమ ఫైర్‌వాల్ మౌనంగా అడ్డుకుంటూ ఉండవచ్చు. ముందు కరెంటు, తరువాత వైఫై, ఆపైన రౌటరు జాబితా చూడాలి. పాత పాఠాలను నమ్ముకుంటే వైఫై కుదరకపోవచ్చు. వైఫై వివరాలను ఒక ఫైలులో రాసి కార్డులో పెట్టే పాత పద్ధతి 2023 అక్టోబరులో వచ్చిన సంచికనుంచి పనిచేయడం లేదు. కార్డు రాసే సమయంలోనే ఆ వివరాలు ఇవ్వడం మేలు.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్': ఎవరో ఉన్నారు, ఈ తలుపు మాత్రం మూసి ఉన్నది. ముందుగా, ఆ ఉన్నది మన యంత్రమేనా? అవునని తేలితే ఎస్ఎస్‌హెచ్ నడవడం లేదేమో చూడాలి. 2016 నవంబరునుంచి ఈ బోర్డులలో దానిని మనంతట మనమే తెరవాలి. దాని వెనుక కారణం ఉన్నది. అంతకుముందు అన్ని బోర్డులకూ 'పై' అనే ఒకే పేరు, 'రాస్ప్‌బెర్రీ' అనే ఒకే పాస్‌వర్డు ఉండేవి. ఇలా అందరికీ తెలిసిన పాస్‌వర్డులున్న కెమెరాలను, రికార్డర్లను వశపరచుకునే 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము 2016 అక్టోబరులో అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు స్తంభింపజేసింది. 2022 ఏప్రిల్‌నుంచి ఆ పాత పేరును కూడా తొలగించారు.

'పర్మిషన్ డినైడ్': ఇల్లు సరైనదే, తలుపూ తెరిచారు, మనలనే గుర్తించలేదు. పేరు, పాస్‌వర్డు సరిచూడాలి. బోర్డుకే కీబోర్డు తగిలించి పాస్‌వర్డు పెట్టినవారు మరొకటి గమనించాలి. ఈ బోర్డుకు మొదట ఉండే అమరిక బ్రిటిష్ కీబోర్డుది. అందులో 'ఎట్' గుర్తు, జంట కొటేషను గుర్తు చోట్లు మార్చుకుని ఉంటాయి. మనం ఒకటి నొక్కితే అది మరొకటి రాసుకుంటుంది.

తాళపు గుర్తు మారిందని యంత్రం పెద్ద అక్షరాలతో హెచ్చరిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. కార్డును మనమే కొత్తగా రాసి ఉంటే అది సహజం. పాత గుర్తును చెరిపివేయవచ్చు. కారణం తెలియనప్పుడు చెరపరాదు. మన యంత్రం పేరుతో మరొకరు బదులిస్తూ ఉండవచ్చు.

ఆ సాయంత్రం రౌటరులో బోర్డుకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించాము. నాన్నగారి పుటలకు రెండు నకళ్లు తీసి, ఒకటి అన్నయ్య బీరువాలో ఉంచి, ఒకటి నాతో తెచ్చుకున్నాను. యంత్రం మరోసారి కాదన్నప్పుడు చేయవలసిన మొదటి పని కూడా నిశ్చయించుకున్నాను: అది ఏ మాటలతో కాదన్నదో, అక్షరం పొల్లుపోకుండా, ఒక కాగితం మీద రాసుకోవడం.