రూపాయికి ఓటు, మనిషికి లేదు

"వాటాదారుల ప్రజాస్వామ్యం" అనే మాట కామర్సు పాఠాల్లో బాగా చలామణీ అవుతున్నది. ఒక కంపెనీ మరొక కంపెనీలో కలవాలన్నా, చేతులు మారాలన్నా వాటాదారులే స్వేచ్ఛగా తేల్చుకుంటారట! మండపేటలో పాఠాలు చెప్పుకునే నాకు ఈ మాట మీద అభ్యంతరం ఉంది. "షేర్ల గొడవ మనకెందుకు?" అనే అభ్యుదయవాదుల ఉపేక్ష మీద అంతకన్నా గట్టి అభ్యంతరం ఉంది.

మొదట చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టం 230వ సెక్షను ప్రకారం విలీన పథకం నెగ్గాలంటే ఓటు వేసినవారిలో సగానికి పైగా ఒప్పుకోవాలి. వారి చేతిలో వాటాల విలువలో నాలుగింట మూడువంతులు ఉండాలి. వందమంది చిన్నవాళ్లు ఔనన్నా, పావువంతుకు మించి విలువ చేతిలో ఉన్న ఒక్కడు కాదంటే పథకం పడిపోతుంది. మన సహకార పరపతి సంఘంలో పదెకరాల ఆసామికీ అరెకరం రైతుకూ ఒకటే ఓటు. కంపెనీలో ఓటు రూపాయిది.

కంపెనీ చేతులు మారేటప్పుడు ఆ ఓటు కూడా అక్కర్లేదు. రాజమండ్రి కాగితం మిల్లునే చూడండి. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీ అందులో 53.5 శాతం వాటాను ప్రధాన వాటాదారుల దగ్గర నేరుగా కొన్నది. మిగతావారి ముందు బహిరంగ ఆఫరు పెట్టి మరో 21.5 శాతం తీసుకున్నది. మళ్లీ పోటీకి దిగబోమన్న హామీకిగాను పెద్దవాళ్లకు సుమారు 5.8 కోట్ల డాలర్లు అదనంగా ముట్టాయి. చిన్నవాళ్లకిచ్చిన ఆఫరు ధరలో ఆ సొమ్ము చేరలేదు. పది షేర్లున్న పింఛనుదారు పోటీ మిల్లు పెట్టలేడు గదా! వివాదం సెబీ దాకా పోయింది. ఆ ఏడు అక్టోబరు 22 నుంచి అమలైన కొత్త నిబంధనలు అలాంటి సొమ్మును కూడా ఆఫరు ధరలో కలపాలన్నాయి. ధరలో అన్యాయం కొంత తగ్గింది. నిర్ణయం మాత్రం పెద్దవాడిదే. 2019లో మిల్లు వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి పోయింది. చిన్న వాటాదారుకు అమ్ముకునే స్వేచ్ఛయినా ఉంది. మిల్లు కార్మికుడికి అదీ లేదు.

ఇక ఆంధ్రా బ్యాంకు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో స్థాపించారు. 1980లో జాతీయమైంది. 2019 ఆగస్టు 30న కేంద్రం విలీనం ప్రకటించింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వెయ్యి షేర్లకు 325 షేర్లు ఇచ్చారు. ఇక్కడ వాటాదారుల ఓటే లేదు. 1980 చట్టం 9వ సెక్షను కింద, రిజర్వు బ్యాంకును సంప్రదించి ప్రభుత్వమే పథకం రాయవచ్చు. విలీనాలు వద్దని 2019 అక్టోబరు 22న ఉద్యోగులు దేశమంతా సమ్మె చేశారు. పట్టించుకున్నవారు లేరు. ప్రభుత్వ బ్యాంకు ప్రజల సొత్తు అంటాం. మరి ఆ సొంతదారులను ఎవరడిగారు? జాతీయం చేయడమంటే నిర్ణయాధికారం ఒక గదిలోనుంచి మరొక గదిలోకి మారడమేనా?

2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ మేటాస్ కంపెనీలను కొనబోతే వాటాదారులు ఆపలేదా అని అడుగుతారు. ఆగింది నిజమే. అయితే అక్కడ ఓటింగు జరగలేదు. పెద్ద పెట్టుబడి సంస్థలు మండిపడ్డాయి, న్యూయార్కులో షేరు ధర కూలింది, కంపెనీ వెనక్కి తగ్గింది. దాన్ని డబ్బు చేసిన బెదిరింపు అనాలి గాని ప్రజాస్వామ్యం అనకూడదు.

"మనకెందుకు?" అనేవారికి ఒక్కమాట. 2015 నుంచి కార్మికుల ప్రావిడెంటు ఫండులో కొంత భాగం షేర్ మార్కెట్ నిధుల్లోకి పోతున్నది. అంటే కార్మికుడి చెమటే ఇవాళ వాటా అయింది. ఆ వాటాకున్న ఓటు మాత్రం నిధిని నడిపే మేనేజరు వేస్తాడు. తన సొమ్ముతో తన ఉద్యోగం మీదే తీర్పు జరుగుతున్నా కార్మికుడికి తెలియదు!

కంపెనీ మూతపడేటప్పుడు కార్మికుల వాదన వినాలని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. విలీనమయ్యేటప్పుడు వారికి ఓటు కూడా ఎందుకుండకూడదు? అప్పిచ్చినవాడికి ఉన్న ఓటు శ్రమ ఇచ్చినవాడికి ఎందుకు లేదు? ప్రభుత్వ బ్యాంకుల విలీనం పార్లమెంటు ఓటుతోనే జరగాలి. ప్రావిడెంటు ఫండు వాటాల ఓటు కార్మిక ప్రతినిధుల చేతికి రావాలి. విద్యార్థి, ఉపాధ్యాయ సంఘాలు ఈ కోర్కెలను తమవిగా చేసుకోవాలి. షేర్ల లెక్క పెట్టుబడిదారుకే వదిలేస్తే, ఆ లెక్కలో మనల్ని కూడా అమ్మేస్తారు.