వసారాలో విప్పిన ఇంజను

పాత ఇంజను నొకదానిని సంపాదించి, ఇంటి వసారాలోనే విప్పి, శుభ్రపరచి, పూర్వకాలపు రూపముతో మోటారు సైకిలును తయారు చేసికొను అభిరుచి మన విద్యార్థులలో క్రమముగా వ్యాపించుచున్నది. పెద్దలు దీనికి రెండు ఆక్షేపణలు తెలుపుచున్నారు. ఇది కాలహరణమనునది మొదటిది. ఇది మెకానిక్కుల పని, చదువుకొనువారి పని కాదనునది రెండవది. మొదటి దానిలో కొంత సత్యము లేకపోలేదు. పరీక్షల నెలలో కార్బురేటరు ముందు కూర్చున్న వానిని మేమును సమర్థింపము. రెండవ మాటను మాత్రము మేము అంగీకరింపజాలము. ఈ వ్యాసమునకు ప్రేరణయు ఆ మాటయే.

ముందుగా ఈ ‘పాత రూపము’ అను దానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. పాశ్చాత్య దేశములలో ఇది పోయిన వస్తువును మరల తెచ్చుకొను ముచ్చట. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో యువకులు మడ్‌గార్డులు కత్తిరించి బండ్లను తేలిక పరచిరి. ఇంగ్లండులో 1950, 1960 దశకములలో హాండిలును క్రిందికి దించి, ఒంటి సీటు అమర్చి, కాఫీ హోటళ్ల నడుమ పందెములు వేసిరి. మన దేశమున కథ వేరు. సైన్యము అవసరముల నిమిత్తము భారత ప్రభుత్వము ఎంచుకొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను తయారు చేయుటకు 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. 1970 నాటికి ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినది. తల్లి గతించినను బిడ్డ బ్రతికి, పిమ్మట తల్లి దేశమునకే ఎగుమతి అయినది. మైసూరులో 1960 దశకారంభమునుండి జావాలు తయారైనవి. 1973నుండి వాటికే యెజ్డీ యని పేరు వచ్చినది. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. కనుక మనకు పాతకాలపు మోటారు సైకిలు అద్దాల బీరువాలోని బొమ్మ కాదు. పాలక్యానులు మోసినది, పోలీసు ఠాణా ముందు నిలిచినది, పెండ్లి కుమారుని అత్తవారి యూరికి చేర్చినది అదియే. 1806లో దండుతోపాటు పుట్టిన మన సికిందరాబాదుకు ఆ బుల్లెట్ చప్పుడు మరింత పరిచితము.

ఆ బండ్లను ఇంతకాలము నడిపించినవారెవరు? కంపెనీ ఇంజనీర్లు కారు. రాణీగంజ్‌లో విడిభాగముల దుకాణముల వెంట, సందు మొగలలోని రేకుల షెడ్లలో పనిచేసిన ఉస్తాదులు, వారి షాగిర్దులు. వారికి పుస్తకము లేదు. చెవి కలదు, చేయి కలదు. పాత బుల్లెట్‌ను కిక్కు కొట్టుటకు ముందు అమ్మీటరు ముల్లును చూచుచు, డీకంప్రెసరు నొక్కి, పిస్టను నెచ్చట నిలుపవలెనో ఉస్తాదు చూపినంత స్పష్టముగా మరెవరును చూపలేరు. అజాగ్రత్తగా కొట్టినచో ఆ కిక్కు రాడ్డు తిరిగి కాలిని తన్నును. ఇంతకంటె శీఘ్రముగా ఫలితము తెలియు పరీక్ష మా విశ్వవిద్యాలయమున లేదు! ఆ షెడ్డులోని భాష కూడ గమనింపదగినది. పానా, పేచ్‌కస్, ఖరాద్ అను ఉర్దూ మాటలు తెలుగు క్రియలతో కలిసి, పానా పట్టుట, ఖరాదు పట్టించుట అని నిస్సంకోచముగా వ్యవహరింపబడును. మన సంచికలో ఒకటి కుడినుండి, ఒకటి ఎడమనుండి మొదలగు రెండు భాషలు నడిమి పుటయందు కలిసికొనును. అక్కడ అవి ఒకే వాక్యములో కలిసికొన్నవి.

ఇట్టి పనిలో చదువు లేదనువారిని ఒక చిన్న లెక్క చేయుమని కోరుచున్నాము. పాత పోత ఇనుప బుల్లెట్ 350లో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 90 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్య సూత్రముతో హెచ్చవేసినచో 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. కంపెనీవారు కాగితముమీద వ్రాసిన సంఖ్యయు అదియే. సిలిండరు అరిగినదని బోరింగు చేయించి పెద్ద పిస్టను వేసినపుడు ఆ సంఖ్య యెంత పెరుగును? ముందు చక్రమును ముందునకు జరిపినచో మలుపులయందు బండి యెందుకు బరువగును? వెనుక పండ్ల చక్రములో రెండు పండ్లు తగ్గించినచో వేగమునకు, ఎత్తు ఎక్కు శక్తికి ఏమి జరుగును? ఇవన్నియు మా భౌతికశాస్త్ర పుస్తకములో ఉన్న విషయములే. చేతికి నూనె అంటిన తరువాత మరచిపోవుట కష్టము.

న్యూజిలాండునకు చెందిన బర్ట్ మన్రో అను నతడు 1920 నాటి ‘ఇండియన్ స్కౌట్’ అను మోటారు సైకిలును దశాబ్దముల తరబడి తన షెడ్డులో మార్చుచు, పిస్టనులను కూడ తానే పోతపోసికొని, 1967లో అమెరికాలోని బోన్నెవిల్ ఉప్పు మైదానమున తన తరగతిలో గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగముతో రికార్డు నెలకొల్పెను. అంత దూరమేల? మన తెలంగాణకు చెందిన చింతకింది మల్లేశము గారు పాఠశాల చదువు మధ్యలోనే మానినవారు. ఆసు పోయుటలో తల్లి చేతులు పడు బాధను చూడలేక సంవత్సరముల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తి చేసిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆయన చేసినది మోటారు సైకిలు కాదు, నిజమే. కాని ఇంట కూర్చుండి ఇనుముతో ఆలోచించుట అనునది రెండింటికి సామాన్యము.

ఇక మాకు నచ్చని సంగతులు చెప్పెదము. నిజముగా పాతదైన బండిని కోసి, పాతదిగా కనిపించు బండిని చేయుట మా దృష్టిలో అపచారము. అరువది యేండ్ల బుల్లెట్ వెనుక చట్రమును రంపముతో కోసినవాడు తాతగారి చేతి గడియారమును కరగించి ఉంగరము చేయించుకొన్నవానితో సమానము. ఏ విలువయు లేని, మూలబడిన, ఇటీవలి బండిని ఎన్నుకొనవచ్చును గదా! కొందరు సైలెన్సరులోని గొట్టములు పీకివేసి, ఆ గోలను ‘పాత ధ్వని’ యనుచున్నారు. అసలు పాత బుల్లెట్ చప్పుడు నెమ్మదియైనది. లెక్కపెట్టదగినంత విరామము గలది. పాత పెట్రోలు ట్యాంకునకు ఇంటిలో వెల్డింగు పెట్టుట మరియు ఘోరము. ఖాళీగా కనిపించు ట్యాంకులోని ఆవిరియే నిప్పు తగిలిన పేలును. ఆ పని తెలిసినవారికి అప్పగింపవలసినదే. బ్రేకులు, చట్రపు అతుకులు కూడ అట్టివే.

చట్టము సంగతి చిక్కైనది. మోటారు వాహనముల చట్టము 1988లోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమగునట్లు రిజిస్ట్రేషను పత్రములోని వివరములను యజమాని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో అనుమతి లేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. 2021లో వచ్చిన నియమములు 50 సంవత్సరములు దాటిన బండ్లకు ‘వింటేజ్’ గౌరవము నిచ్చి, ‘వి.ఏ.’ అక్షరములతో ప్రత్యేక సంఖ్యను ఏర్పరచినవి. క్రొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు. అయితే బండి అసలు రూపములో నుండవలెను. చట్రము, ఇంజను పెద్దగా మార్పబడి యుండరాదు. అనగా పాతదానిని కాపాడినవానికి దారి కలదు, ఇంటివద్ద క్రొత్తగా నిర్మించినవానికి లేదు.

రోడ్డుమీద నడచువారి ప్రాణములు కాపాడుటకు కట్టుబాటు ఉండవలసినదే. కాని చట్రమును శ్రద్ధతో అతికించి, బ్రేకులను బలపరచిన విద్యార్థియు, సైలెన్సరు పీకి వీధులు దద్దరిల్లజేయు ఆకతాయియు ఒకే సెక్షను క్రింద నిలువవలసి వచ్చుట న్యాయముగా తోచుట లేదు. బ్రిటనులో ఒంటరి వ్యక్తి నిర్మించిన మోటారు సైకిలును విడిగా పరీక్షించి ఆమోదించు పద్ధతి కలదు. దీపములు, బ్రేకులు, చప్పుడు, పొగ అన్నియు చూచెదరు. తప్పినవానిని త్రిప్పి పంపెదరు. మన దేశమున పుణే వంటి చోట్ల జరుగు పరీక్షలు కంపెనీల నమూనాల కొరకు ఏర్పడినవి. వసారాలో పనిచేయు పిల్లవాడు ఆ గడప త్రొక్కజాలడు. అతనికి ఒక చిన్న ద్వారము తెరువుడని కోరుట చట్టమును ధిక్కరించుట కాదని మా నమ్మకము. అంతవరకు కోసి అతికిన బండి రోడ్డెక్కరాదు. ప్రదర్శనలో నిలుచును, స్టాండుమీద మ్రోగును. రోడ్డుమీద తిరుగదలచినవారు అసలు రూపమునకే బండిని తిరిగి తీర్చిదిద్దుకొనుట మేలు. పనియు తక్కువ కాదు, పాఠమును తక్కువ కాదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. ఒక గది, ఒక బెంచి వైసు, రెండు సెట్ల పానాలు, ఒక డ్రిల్లు, నిప్పునార్పు ఇసుక బకెట్లు. వెల్డింగు యంత్రము మాకు వలదు. తొలి సంవత్సరము ఇంజనును విప్పి మరల బిగించుట వరకే. విద్యార్థినులకును సమానముగా ప్రవేశము ఉండవలెను. ముఖ్యమైనది మరొకటి. వారమునకు రెండు సాయంత్రములు ఒక ఉస్తాదును పిలిపించి, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చు గౌరవ వేతనమునే ఆయనకును ఇప్పింపవలెను. మా సహాధ్యాయులలో కొందరి తండ్రులు ఈ వృత్తిలోనివారే. దరఖాస్తు పత్రములో తండ్రి వృత్తి యను గడియయందు ‘వ్యాపారము’ అని వ్రాయు మిత్రులను మేము ఎరుగుదుము. ఆ గది తలుపు మీద ఉస్తాదు పేరు ఉర్దూలోను తెలుగులోను వ్రాయింపవలెనని కూడ కోరుచున్నాము. తాళపుచెవి ఎవరివద్ద ఉండవలెనో కమిటీవారే నిర్ణయింతురు గాక.