సూత్రం కన్నా ముందు సూదిని చూడండి



ఎలక్ట్రికల్ చదువుతున్న మీ అందరికీ కుడిచేతి బొటనవేలి నియమం కంఠతా వచ్చు. పరీక్షలో రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ తీగ చుట్టూ ఉండే ఆ అయస్కాంత క్షేత్రం చేసే పనిని మీలో ఎంతమంది కళ్లారా చూశారు? నా బెంగంతా అదే.

1820లో కోపెన్‌హాగెన్‌లో ఆయిర్‌స్టెడ్ కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి సూది కదలడం చూశాడు. సూది తీగ వైపుకు రాలేదు, తీగకు అడ్డంగా తిరగబోయింది. బలమంటే లాగడమో నెట్టడమో అనుకునే కాలంలో అది పెద్ద వింత. ఆ ఏడాది సెప్టెంబరులోనే పారిస్‌లో ఆంపియర్ మరో సంగతి చూపించాడు: పక్కపక్కనున్న రెండు తీగల్లో కరెంటు ఒకే దిక్కుకు పారితే అవి దగ్గరికి లాక్కుంటాయి, ఎదురు దిక్కులకు పారితే నెట్టుకుంటాయి. 1821లో ఫారడే ఈ బలంతోనే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పాడు. మన పొలాల్లో మోటార్లను తిప్పేదీ ఇలాంటి బలమే.

మీరూ చేసి చూడండి. ఇంటి కరెంటు జోలికి పోకుండా ఒక టార్చి సెల్లు, తీగ, దిక్సూచి తీసుకోండి. తీగను ఉత్తర దక్షిణాలుగా సూది పైన ఉంచి, సెల్లుకు ఒక్క క్షణం తాకించండి. తర్వాత తీగను సూది కిందికి మార్చండి. సూది ఈసారి అవతలి వైపుకు తిరుగుతుంది. క్షేత్రం తీగను చుట్టుకుని ఉందని అప్పుడు తెలుస్తుంది. ఇక వెళ్లే తీగను, తిరిగొచ్చే తీగను కలిపి మెలివేసి పెట్టండి. సూది దాదాపు కదలదు. ఒకదాని క్షేత్రాన్ని మరొకటి రద్దు చేస్తుంది. టాంగ్ టెస్టర్‌లో ఫేజు, న్యూట్రల్ రెండూ దూరిస్తే సున్నా చూపేది ఇందుకే.

రేపు మీరు సబ్‌స్టేషన్లలో పనిచేస్తారు. రెండు బస్‌బార్లలోనూ ఒకే కరెంటు ఉన్నప్పుడు, అది పదింతలైతే వాటి మధ్య ఆంపియర్ చూపించిన ఆ బలం నూరింతలవుతుంది. 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న బార్లలో షార్ట్ సర్క్యూట్ వల్ల 20,000 ఆంపియర్లు పారితే, ప్రతి మీటరు మీదా సుమారు 800 న్యూటన్ల బలం పడుతుంది. అంటే 80 కిలోల బరువంత! సపోర్టులూ బోల్టులూ గట్టిగా ఉండాలనేది అందుకే. ఒక్క బోల్టు వదులుగా ఉన్నా అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణానికే ముప్పు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఆదివారం ఆ ప్రయోగం చేయండి, మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చేసి చూపించండి. చూసి నేర్చుకున్నది ఉద్యోగం ఉన్నంతకాలం మిమ్మల్ని కాపాడుతుంది.

మీ మేలు కోరే
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు