చెడింది గీసిన చేతి వల్ల కాదు



కార్టూన్ సినిమాకూ మిల్లు కార్మికునికీ ఏమిటి సంబంధమని కొందరు అడగవచ్చు. అదీ చేతి పనే. తెర మీద ఒక్క సెకను గడవాలంటే 24 ఫ్రేములు కావాలి. ముఖ్యమైన భంగిమలు ఒకరు గీస్తారు. వాటి నడుమ బొమ్మలు ఇంకొకరు గీస్తారు. గీతలు తీర్చేవారు, రంగులు వేసేవారు వేరు. ఒక ఖాతాలో పని చెడితే తాను మొత్తం చెడినట్టే, అక్కడా అంతే.

1992లో డిస్నీ కంపెనీ తీసిన 'అల్లాద్దీన్' ప్రపంచమంతా ఆడింది. దాని కొనసాగింపు 'ద రిటర్న్ ఆఫ్ జాఫర్' 1994లో థియేటర్లకు రాకుండా నేరుగా వీడియో క్యాసెట్టుగా వచ్చింది. మొదటి చిత్రం ఖర్చులో చిన్న వంతు మాత్రమే పెట్టి, సిడ్నీ, టోక్యో స్టూడియోలలో గీయించారు. బొమ్మల్లో మునుపటి జీవం లేదు. జీనీకి గొంతునిచ్చిన రాబిన్ విలియమ్స్ కూడా లేడు. అయినా కోటికి పైగా క్యాసెట్లు అమ్ముడుపోయాయి. పేరు పాతదైతే చాలు, సరుకు పలచనైనా చెల్లుతుందని యాజమాన్యానికి అర్థమైంది. ఆ తర్వాత పదేళ్లకు పైగా 'లయన్ కింగ్', 'లిటిల్ మెర్మెయిడ్', 'సిండ్రెల్లా' వంటి చిత్రాలన్నిటికీ ఇలాంటి కొనసాగింపులే వచ్చాయి.

చూసి నిరాశపడినవారు "బయటి దేశాల్లో చవకగా గీయించారు, అందుకే పాడైంది" అన్నారు. ఈ మాటను మేము ఒప్పుకోము. 1996 నాటి 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నాట్రడామ్'లో కొంత భాగం పారిస్‌లోనే గీశారు. దాన్ని ఎవరూ నాసిరకం అనలేదు. 2002లో దాని కొనసాగింపు టోక్యోలోని డిస్నీ స్టూడియోలో తయారై తేలిపోయింది. అదే టోక్యోలో జిబ్లీ స్టూడియో తీసి 2001లో విడుదల చేసిన 'స్పిరిటెడ్ అవే'కు 2003లో ఆస్కార్ వచ్చింది. అంటే ఊరు చెడ్డది కాదు, చెయ్యి చెడ్డది కాదు. గడువు కోసి, ఖర్చు కోసి, కథ ఆలోచించేవారిని ఒక చోట, గీసేవారిని మరో చోట ఉంచితే ఎంతటి పనివాడైనా ఏం చేయగలడు? నాసి నూలు ఇచ్చి, మగ్గం వేగం పెంచి, బట్టలో తప్పు పడిందని నేతగాడి కూలి కోసినట్టే ఇది.

అమెరికా కార్టూన్ కార్మికులు దీన్ని ముందే పసిగట్టారు. 1979లో సమ్మె చేసి, స్థానిక సభ్యులు ఖాళీగా ఉండగా పని బయటికి పంపరాదన్న షరతు సాధించారు. 1982లో పది వారాలు సమ్మె చేసి కూడా దాన్ని నిలుపుకోలేకపోయారు. ఆ ఏడాదే జనవరి 18న బొంబాయిలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లులు మూతపడుతుంటే నేత పని భివండీ సాంచాలకు తరలింది. ఆ సాంచాలు నడిపిన చేతుల్లో మన తెలుగువాళ్ల చేతులూ ఉన్నాయి. వారిని శత్రువులనగలమా?

పని దక్కినవారైనా నిలిచారా అంటే అదీ లేదు. డిస్నీ యాజమాన్యం పారిస్ స్టూడియోను 2003లో, టోక్యో స్టూడియోను 2004లో, సిడ్నీ స్టూడియోను 2006లో మూసివేసింది. అమెరికాలోనే ఫ్లోరిడా స్టూడియోకు 2004లో తాళం పడింది. చవక అని పని ఇచ్చినవాడు ఇంకా చవక దొరికే దాకానే ఉంచుతాడు. చివరకు 2007లో ఈ క్యాసెట్టు సినిమాలు ఆపాలని కంపెనీయే నిర్ణయించింది. అప్పటికి వేళ్లు అరగదీసుకున్నవారు వీధిన పడ్డారు.

అందుచేత మేము కోరేది ఇది. పని బయటికి పోతున్నప్పుడు అది ఎవరికి పోతోందని మాత్రమే కాదు, ఏ రేటుకు, ఏ గడువుకు పోతోందని అడగాలి. మిల్లులో ఉన్నవారూ సాంచా మీద ఉన్నవారూ ఒకే రేటు కోసం ఒకే మాట మీద నిలబడాలి. ఇద్దరినీ వేరు చేసినంత కాలం కూలీ పలచబడుతుంది, సరుకూ పలచబడుతుంది.