కందకంలో బురద

కందకం అనగానే మనకు కోట, రాజు, యుద్ధం గుర్తొస్తాయి. కాని ఇంగ్లండులో భూస్వాముల ఇళ్లకే గాక కలిగిన రైతుల ఇళ్లకు కూడా చుట్టూ కందకాలుండేవంటే నమ్ముతారా? ఒకటీ అరా కాదు, ఆ దేశంలో ఇటువంటి స్థలాలు దాదాపు 6,000 గుర్తించారు. చాలావరకు 1250-1350 మధ్య తవ్వినవే. ఎసెక్స్, సఫోక్, వార్విక్‌షైర్ వంటి జిల్లాల బంకమట్టి నేలల్లో ఇవి విరివి.

ఎందుకు తవ్వినట్టు? దొంగల భయం కొంత ఉండవచ్చు. కాని సైన్యమే వస్తే ఈ గుంట ఆపుతుందా? బంకనేలలో వాననీరు తొందరగా ఇంకదు. చుట్టూ తవ్వి, ఆ మన్ను నడుమ పోసి ఎత్తు చేస్తే ఇల్లు పొడిగా ఉంటుంది. నీళ్లలో చేపలు పెంచుకోవచ్చు, గొడ్లకు తాపుకోవచ్చు. అన్నిటికీ మించి హోదా! దొరగారి భవంతికి కందకముంటే, నాలుగు డబ్బులు చేరిన ఆసామి తానూ తవ్వించాడు. గొప్పలకు దేశమేమిటి, కాలమేమిటి!

సైన్సు విద్యార్థిగా నన్ను ఆకర్షించింది ఆ గుంట అడుగునున్న బురద. నీరు నిలిచిన బురదలోకి ఆక్సిజన్ సరిగా చొరబడదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని సాగదు. అందుకే ఏడు వందల ఏళ్లనాటి కర్ర, తోలు, గింజలు, పుప్పొడి సైతం దొరికే అవకాశముంది. పుప్పొడిని బట్టి ఆనాడు ఏ చెట్లుండేవో, ఏ పైర్లు వేశారో ఊహించవచ్చు. రాజుల చరిత్ర కాగితాలకెక్కింది. సేద్యగాడి చరిత్ర చాలామటుకు ఈ బురదలోనే ఉంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత తిండిగింజల పంట పెంచాలన్న తొందరలో అక్కడ ఎన్నో కందకాలను పూడ్చి దున్నేశారు. పూడ్చకపోయినా, పక్క పొలాల నీటిమట్టం దిగితే బురద ఎండి, గాలి సోకి, అందులోని సాక్ష్యం కుళ్లిపోతుంది.

రైతుకు చరిత్ర పట్టదని తేలిగ్గా అనేస్తారు. నేను అనలేను. మాది వ్యవసాయ కుటుంబం. చేను మధ్య గుంట ఉంటే ట్రాక్టరు తిప్పడం ఎంత యాతనో, ఎంత నేల వృథానో మాకు తెలుసు. 1979 చట్టం ప్రకారం, రక్షిత జాబితాకెక్కిన కట్టడాన్ని అక్కడ అనుమతి లేకుండా చెరపడం నేరం. మంచిదే. కాని శిక్ష ఒక్కటే చాలదు. 1991లో మొదలైన కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్ పథకం పాత ఆనవాళ్లను కాపాడే రైతుకు డబ్బు కూడా ఇచ్చింది. నా దృష్టిలో ఇదీ న్యాయం. చరిత్ర దేశమంతటిదీ ఐనప్పుడు, దాన్ని కాపాడే ఖర్చు ఒక్క రైతు నెత్తిన రుద్దడం ఏం ధర్మం?