జలసీమలో జాగరూకత

తెనాలి పట్టణము నడుమ కాలువలు పారుచున్నవి. రేపల్లెకు చేరువను కృష్ణానది కలదు. బాపట్లకు కొలదిదూరమున సముద్రము ఘోషించుచున్నది. ఈ మూడు పట్టణముల బ్రదుకును నీటితో ముడివడియున్నది. 1855వ సంవత్సరమున బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టాసీమ అన్నపూర్ణ యయ్యెను. మన వరిచేలు, అరటితోటలు, పసుపుచేలు అన్నియు ఆ నీటి చలువయే. అట్టి నీరే మనము ఏమరినయెడల ప్రాణములను హరించుచున్నది. ఈ మాట ఎరుగనివారు మనలో లేరు. ఎరిగియు తదనుగుణముగ మెలగువారు మాత్రము పలుచగ నున్నారు. ఆకసము నిర్మలముగ నున్న దినములలోనే ఈ విషయమును ముచ్చటించుట మేలని తలచి, నేడు పాఠకమహాశయుల దృష్టిని ఇటు మరలింపగోరుచున్నాము.

1977 నవంబరు 19వ తేదీని మన సీమవారు మరవరాదు. నాటి సాయంకాలము పెనుతుపాను నిజాంపట్నము చేరువను తీరమును దాటెను. గాలికి పూరిండ్లు ఎగిరిపోయెను, గోడలు కూలెను. ఐనను అధికసంఖ్యాకులను బలిగొన్నది సముద్రమే. ఇంచుమించు మూడు నిలువుల యెత్తున ఉప్పెన లేచి దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టెను. ప్రభుత్వపు లెక్కలలోనే మృతుల సంఖ్య 10 వేలకు చేరువయ్యెను. వాస్తవము అంతకు మించినదని పలువురి నమ్మకము. తుపాను ఏటికి ఈవల తీరమును దాటగా, ఆవలనున్న దివిసీమ మునుగుటకు కారణమేమి? మన అర్ధగోళమున తుపానుగాలి గడియారపు ముండ్లకు ఎదురుదిశను తిరుగును. కావున తుపాను నేలను తాకుచోటికి కుడిప్రక్కన, అనగా మన తీరమున ఈశాన్యభాగమున, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచుచు నీటిని త్రోసుకొనివచ్చును. తుపాను ప్రక్క తాలూకాకు పోయినదట, మనకేమి భయమని నిశ్చింతగ నిద్రించువారికి ఇంతకు మించిన దృష్టాంతము వేరొకటి యక్కరలేదు.

పదుమూడేండ్లలోపుననే, 1990 మే 9వ తేదీని, మరియొక మహాతుపాను కృష్ణ సముద్రమున కలియు తావుననే విరుచుకుపడెను. బలమున అది మొదటిదానికి తీసిపోయినది కాదు. నాడు మరణించినవారు సుమారు వేయిమంది. వేయి ప్రాణములు అల్పమని మేము చెప్పము. ఐనను పదివేలకును వేయికిని గల భేదము ఎట్లు కలిగినదో విచారింపవలదా? ఉప్పెన ఎత్తు, పోటుపాటుల వేళ మొదలగు ప్రకృతికారణములు కొన్ని యుండవచ్చును. ప్రధానకారణము వేరు. 1977లో హెచ్చరిక లేకపోలేదు. అది కడపటి గుడిసెవరకు చేరలేదు, చేరినచోట నమ్మినవారు కొలదిమంది. 1990లో తీరగ్రామములనుండి లక్షకు మించిన జనమును ముందుగనే తరలించిరి. ఉపగ్రహమును రాడారును తుపాను జాడను చూపగలవు. వాకిట నిలిచిన ఉద్యోగి లెమ్మనగలడు. లేచి నడువవలసినవారు మాత్రము గృహస్థులే.

లేచి నడువకుండుటకు మనవారు చెప్పు కారణములు మాకు తెలియనివి కావు. ఇల్లు విడిచిన దొంగలు పడుదురని యొకరు, గొడ్లను ఎవరు చూతురని యొకరు, ఎంతటి గాలివాననైన చూచితిమని వేరొకరు వాదింతురు. మొదటి రెండును న్యాయమైన చింతలు. పునరావాసకేంద్రమునకు రమ్మని పిలుచు అధికారులు ఊరికి కాపలాను, పశువులకు మెరకతావును చూపవలెను. మూడవది మాత్రము అహంకారము. 2023 డిసెంబరు 5వ తేదీని మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరమును దాటెను. వరిచేలు నేలకొరగి రైతు కుదేలయ్యెను గాని 1977నాటి ఉప్పెన రాలేదు. ఇంతేకదా యని నాడు కొందరు తేలికపడిరి. ఒక తుపాను విడిచిపెట్టినందున రాబోవునదియు విడిచిపెట్టునని యెవరు పూచీపడగలరు? పదిసార్లు కదలి వ్యర్థమైనను కోల్పోవునది పది దినముల సౌఖ్యము. కదలక పదునొకండవసారి చిక్కుకొన్నచో పోవునది ఆలుబిడ్డల ప్రాణము.

నిజాంపట్నము, మచిలీపట్నము రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికల సంఖ్యలను మనము పత్రికలలో చదువుచుందుము. వాని యర్థము పలువురికి తెలియదు. 1, 2 సంఖ్యలు తుపాను దూరమున నున్నదని తెలుపును. 3, 4 రేవునకే గాలితాకిడి కలుగవచ్చునని చెప్పును. 5, 6, 7 ప్రమాదసూచికలు. 8, 9, 10 మహాప్రమాదసూచికలు. 11వది వాతావరణ కార్యాలయముతో వార్తాసంబంధము తెగినదని తెలుపును. ఇవి ఓడలకొఱకు ఏర్పడినవే యైనను, 5 దాటినదని విన్న తీరవాసి పడవను గట్టెక్కించి మూటకట్టుకొని సిద్ధముగ నుండవలెను.

ఆ మూటలో నేమి యుండవలెను? భూమి పట్టాలు, ఆధారు, బ్యాంకు పుస్తకములు నీరు చొరని సంచిలో కట్టవలెను. నిత్యము వాడు మందులు, త్రాగునీరు, అటుకులవంటి వండనక్కరలేని ఆహారము, టార్చిలైటు, ముందుగ ఛార్జి చేసిన సెల్‌ఫోను చాలును. ఇల్లు విడుచునపుడు విద్యుత్తు మెయినును, గ్యాసుబండను కట్టివేయవలెను. పశువుల పలుపులు విప్పవలెను. కట్టుకొయ్యకు కట్టిన గొడ్డు ఈదలేదు. చెట్టుక్రిందను, పాతగోడ ప్రక్కను, రేకులషెడ్డులోను తలదాచుకొనరాదు. మరియొక మాట ముఖ్యమైనది. తుపాను నడిబొడ్డు మనమీదుగ పోవునపుడు గాలి హఠాత్తుగ నిలిచిపోవును, ఆకసము తేటపడును. తుపాను వెడలిపోయెనని జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి అదే గాలి ఎదురుదిశనుండి అంతే బలముతో వచ్చిపడును. అధికారులు చెప్పువరకు గడప దాటరాదు.

ఇక ఏటి మాట. కొల్లూరు, కొల్లిపర మండలముల లంకవాసులకును రేపల్లె ప్రాంతపు కరకట్ట గ్రామములవారికిని వరద క్రొత్త కాదు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజిని సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు దాటెను. మనయూర ఎండ కాయుచుండగనే మహారాష్ట్ర, కర్ణాటకములలో కురిసిన వాన మన లంకలను ముంచగలదు. కావున ఆకసమును చూచి కాదు, బ్యారేజి వార్తను చూచి నిర్ణయము చేసికొనవలెను. నీరు సుమారు 4 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి హెచ్చరికయు, 5 లక్షల 70 వేలకు చేరువైనపుడు రెండవదియు వెలువడును. రెండవదానికొఱకు కాచియుండు లంకవాసి పడవ దొరకక చిక్కుకొనును. కరకట్టలో ఎలుకబొరియగాని, నీటి చెమ్మగాని కనిపించిన తక్షణమే తెలుపుట కట్టవెంట నున్న ప్రతివాని విధి. గండ్లు మొదట చిన్నవిగనే యుండును. రోడ్డుమీద పారు నీటిలో మోటారుసైకిలును దింపరాదు. మోకాలిలోతు పరుగునీరే మనిషిని పడద్రోయగలదు. తెగిపడిన విద్యుత్తీగను, అది తాకిన నీటిని సమీపింపరాదు. వరదనాడు పాములు మెరకకెక్కును. కాటుపడినచో కత్తిగాటులు, గట్టికట్లు, నాటుమంత్రములు మాని, కదలింపక ఆసుపత్రికి చేర్పవలెను.

ఉప్పెనలును వరదలును పెద్దయక్షరములతో పత్రికలకెక్కును. కాలువలోపడిన బిడ్డ వార్త ఒక మూలను మూడు పంక్తులలో ముగియును. సంవత్సరమునకు సంవత్సరము ఈ మూడు పంక్తుల చావులు జరుగుచునే యున్నవి. గట్టుమీద ఆడుకొను పసివాడు, బట్టలుతుకు ఇల్లాలు, చీకటివేళ మలుపున బండితో జారిపడు యువకుడు వీనికి ఆహుతులగుచున్నారు. మన కాలువలు తిన్నగ పారునట్లు కనబడును గాని, గట్లు నిటారుగ నుండి పట్టుకొమ్మ దొరకదు. సూర్యలంక సముద్రతీరమును అట్టిదే. కార్తికస్నానములకును, సెలవుదినపు విహారములకును వేలాది జనము అచటికి వచ్చుచున్నారు. అలలు విరుగునట్టి తావులకు నడుమ నీరు ప్రశాంతముగ తోచినచో అది క్షేమమని భ్రమింపరాదు. ఒడ్డుకువచ్చిన నీరు మరల లోనికి పోవు దారి పలుమారు అదియే. ఆ ఒరవడిలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదిన అలసి మునుగును. ఒడ్డునకు సమానాంతరముగ కొంతదూరము ఈదినచో ఒరవడి తప్పును. ఆపైన గట్టు చేరవచ్చును. ఈదలేనివాడు పెనుగులాడక వెల్లకిల తేలుచు చేయెత్తి పిలువవలెను.

మునుగువానిని చూచి ఈతరానివాడు దుముకుట సాహసము కాదు. ఒక చావునకు బదులు రెండు చావులగును. త్రాడు, వెదురుగడ, చీర, మూతబిగించిన ఖాళీడబ్బా ఏది దొరికిన దానిని అందింపవలెను. ఒడ్డునకు తెచ్చిన పిదప మనవారు చేయు అపచారము మరియొకటి కలదు. నీరు కక్కింపవలెనని తలక్రిందులుగ త్రిప్పుదురు, పొట్టను నొక్కుదురు. ఊపిరి నిలిచినవానికి కావలసినది ఊపిరి. ఒకడు 108నకుగాని 112నకుగాని ఫోను చేయుచుండగా, మరియొకడు బాధితుని వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుపెట్టి అయిదుమారులు ఊదవలెను. అప్పటికిని చలనము లేనిచో రొమ్ము నడుమ రెండుచేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 మారులు, రెండంగుళముల లోతునకు నొక్కవలెను. 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున వైద్యసహాయము వచ్చువరకు సాగింపవలెను. ఈ విద్యకు డిగ్రీలు అక్కరలేదు. ఒక మధ్యాహ్నములో పదునైదేండ్ల బాలుడు నేర్వగలడు.

పౌరులకు ఇన్ని హితములు చెప్పి పాలకులను విడిచిపెట్టుట మా యుద్దేశము కాదు. పట్టణములలో కాలువమలుపులకు కమ్మీలును దీపములును వేయుట పురపాలక సంఘముల విధి. స్నానపు తావులలో మెట్లును, పట్టుకొను గొలుసులును అమర్చుట నీటిపారుదల శాఖవారికి భారము కాదు. సూర్యలంకలో పండుగనాడే గాక ప్రతిదినమును గజయీతగాండ్రు కావలియుండవలెను. తుపాను ఆశ్రయభవనముల తాళపుచెవులు గాలివాననాడు వెదకవలసిన దుస్థితి యుండరాదు. కరకట్టల మరమ్మతు వేసవిలో పూర్తికావలెను గాని వరద వచ్చిన పిదప ఇసుకబస్తాలతో ఆరంభింపరాదు. ప్రతి పాఠశాలయందును పిల్లలకు ఈత నేర్పవలెను. మూడువైపుల నీరున్న సీమలో ఈతరాని బాలుని అక్షరములు రాని బాలునివలెనే భావించు దినము రావలెను.

ఐనను ప్రభుత్వము అన్నియు చేయునని చేతులు ముడుచుకొనియుండుట ఈ సీమకు అలవాటు కాదు. మన బాపట్లలోనే 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దాని పొరుగుననున్న చీరాలలో 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండును నడిపి సామాన్యజనమునకు క్రమశిక్షణ నేర్పిరి. 1942 ఆగస్టు 12వ తేదీని పోలీసు కాల్పులలో ఏడుగురు ఒరిగిన తెనాలి రణరంగచౌకు నేటికిని మన కన్నులయెదుట నున్నది. పరుల పాలననుండి జాతిని విడిపించుటకు దండుకట్టినవారి మనుమలు, తమ వాడలోని వృద్ధులను ఉప్పెననుండి తప్పించుటకు దండుకట్టలేరా? ప్రతి వాడకును పదిమంది యువకులు చాలుదురు. కదలలేనివారు, గర్భిణులు, ఒంటరి ముదుసలులు ఏయే యిండ్ల నున్నారో వారు ముందుగనే వ్రాసియుంచుకొనవలెను. ఎవరిని ఎవరు తీసికొనిరావలెనో నిర్ణయించుకొనవలెను. ఒక త్రాడు, ఒక గడ, నాలుగు టార్చిలైట్లు గ్రంథాలయమున భద్రపరుపవలెను. ఏటికి రెండుమారులు, ఏప్రిలులోను అక్టోబరులోను, రక్షణాభ్యాసము చేయవలెను.

ఆయుర్దాయమున్న బ్రదుకుదుమను మాట మనలో తరచుగ వినబడుచున్నది. అది దుఃఖితునకు ఓదార్పుగ చెప్పదగినదే. కాలువగట్టున బిడ్డను విడిచి వచ్చినవాని నోట రాదగినది కాదు. జాగ్రత్తపడుట పిరికితనమనుకొనుట అంతకంటె హానికరము. పఠనమందిరములలో ఈ సంపాదకీయమును చదువు పాఠకులు చర్చతో తృప్తిపడక, నేడే పదిపేర్లు వ్రాసికొని లేతురని మా ప్రార్థన. చదువనేర్చినవారు చదువురానివారి వాకిళ్లకు పోయి ఈ హెచ్చరికల యర్థము చెప్పినచో, కడపటి గుడిసెవరకు వార్త చేరును. 1977లో లోపించినది అదియే.