మొదట రోజానా చదవండి

"రేయ్ మామా, స్కాండినేవియన్ క్రైమ్ నవలలు చదవాలంటే యాడ మొదలుపెట్టాల?" మన క్లబ్‌లో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంటుంది. ఎక్కువమంది చెప్పే జవాబు 'ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ', లేకపోతే యూ నెస్బో. రెండూ మంచివే, కాదనను. కానీ నా జవాబు వేరే. మాయ్ షోవల్, పేర్ వాలో అనే స్వీడన్ జంట కలిసి రాసిన మార్టిన్ బెక్ సిరీస్ ఉంది. దాంట్లో మొదటి నవల 'రోజానా'. 1965లో వచ్చింది. కార్ చేజింగులు లేవు, పోలీసులతో ఆటలాడే మేధావి హంతకుడు లేడు, సెల్ ఫోన్ కూడా లేదు. అయినా అదే ముందు చదవాల. కర్నూలు, కడప పిల్లలమైతే మరీ ముఖ్యంగా అదే ముందు చదవాల. ఎందుకో చెప్తాను.

ముందు ఆర్డర్ సంగతి.

తెలుగులో డిటెక్టివ్ సిరీస్ అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి గుర్తొచ్చేది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆ పుస్తకాల్లో ఏది చేతికి దొరికితే అది చదువుకోవచ్చు. అద్దె పుస్తకాల షాపులో వరసగా అన్నీ దొరకవు కదా, దానికి ఆ పద్ధతే కరెక్టు. స్కాండినేవియన్ సిరీస్‌లు ఎక్కువ భాగం అట్ల ఉండవు. కేసు ఒక పుస్తకంలో అయిపోతుంది గానీ మనిషి అయిపోడు. మార్టిన్ బెక్‌కి వయసు పెరుగుతుంది, కడుపు నొప్పి పోదు, ఇంట్లో సంసారం మెల్లగా చల్లబడుతుంది, స్నేహితులు ఉద్యోగం గురించి ఆలోచించే తీరు మారిపోతుంది. 1965 నుంచి 1975 దాకా పది పుస్తకాలు. ఒక్కోదాంట్లో 30 చాప్టర్లు. రచయితలు ఈ పదింటినీ కలిపి ఒకే పెద్ద నవలగా అనుకున్నారు, అందుకే మొత్తానికి 'ఒక నేరం కథ' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఏడో పుస్తకం ముందు చదివితే హంతకుడెవరో తెలుస్తుంది, కానీ పక్కన నడుస్తున్న అసలు కథ మిస్సవుతుంది.

నెస్బో దగ్గర ఇంకో తిప్పలు. హ్యారీ హోలె సిరీస్‌లో మొదటిది 'ది బ్యాట్', నార్వేలో 1997లో వచ్చింది. ఇంగ్లీషులోకి మాత్రం ముందు వచ్చింది అయిదో పుస్తకం 'ది డెవిల్స్ స్టార్', 2005లో. మూడోదైన 'ది రెడ్‌బ్రెస్ట్' 2006లో. మొదటిది ఇంగ్లీషులో కనబడేసరికి 2012 అయింది. ఈ మూడో, నాలుగో, అయిదో పుస్తకాల మధ్య ఒకే దారం సాగుతుంది. అంటే ఇంగ్లీషులో వచ్చిన వరసలో చదివినవాళ్లకి దారం చివర ముందు చేతికొచ్చింది, మొదలు తర్వాత వచ్చింది. మనం డేటా స్ట్రక్చర్స్‌లో టోపలాజికల్ సార్ట్ చదివాం. దేని ముందు ఏది రావాలో చూసుకోకుండా రన్ చేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఈ సిరీస్‌లకి మూల భాషలో రాసిన వరసే వరస.

ఇక అసలు సంగతి, 'రోజానా' ఎందుకు?

స్వీడన్‌లో గోతా కాలువ అని ఒకటుంది. 1832లో తెరిచారు. 190 కిలోమీటర్ల పొడవు, 58 లాకులు. నవల మొదట్లో మోతాలా అనే ఊరి దగ్గర, లాకుల కాడ, పూడిక తీసే యంత్రం బకెట్లో ఒక ఆడమనిషి శవం పైకి వస్తుంది. ఒంటి మీద బట్టల్లేవు. ఎవరో తెలియదు. ఊర్లో ఎవరూ తప్పిపోలేదు. దేశంలో ఎవరూ ఆమె కోసం వెతకట్లేదు.

దీన్ని చదివేటప్పుడు కె.సి. కాలువ గుర్తు రాకుండా ఉండదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కర్నూలు మీదుగా కడప వైపు పోయే కాలువ. 1860ల్లో తవ్వినప్పుడు సేద్యానికే కాదు, పడవలు నడపడానికి కూడా అనుకున్నదే. ఇట్లాంటి కాలువల్లో అప్పుడప్పుడు ఏం తేలుతుందో జిల్లా ఎడిషన్ చదివేవాళ్లకి తెలుసు. నాలుగు లైన్ల వార్త. గుర్తు తెలియని మహిళ మృతదేహం, వయసు సుమారు ఇంత, చీర రంగు ఇది, ఆచూకీ తెలిసినవాళ్లు ఫలానా స్టేషన్‌లో సంప్రదించగలరు. మనం దాన్ని చూసి పేజీ తిప్పేస్తాం. మరుసటి రోజు ఆ నాలుగు లైన్ల తర్వాత ఏమైందో పేపర్లో ఉండదు, మనమూ అడగం.

'రోజానా' మొత్తం ఆ నాలుగు లైన్ల తర్వాత ఏమైందన్న పుస్తకం. చాలా చాప్టర్ల దాకా ఆమె పేరు కూడా తెలియదు. స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన మార్టిన్ బెక్, అక్కడి లోకల్ పోలీసు ఆల్‌బెర్గ్ ఇద్దరూ ఎదురు చూస్తుంటారు. ఉత్తరాలు రాస్తారు. జవాబు రాదు. మళ్లీ రాస్తారు. చివరికి సమాచారం అమెరికా నుంచి వస్తుంది. ఆమె నెబ్రాస్కాలోని లింకన్ అనే ఊర్లో లైబ్రరీలో పనిచేసే అమ్మాయి, పడవలో ఊర్లు చూడ్డానికి వచ్చింది. ఆ క్షణం నుంచి శవం కాస్తా మనిషవుతుంది. ఆమె ఏం చదివేది, ఎవరితో ఎట్ల మాట్లాడేది, ఒంటరిగా ఎందుకు తిరిగేది, అన్నీ తెలుస్తాయి. హంతకుడి కోసం మొదలైన వెతుకులాట సగం దూరం ఆమె కోసమే వెతుకులాట. పుస్తకానికి పెట్టిన పేరు చూడండి. డిటెక్టివ్ పేరు కాదు, హంతకుడి పేరు కాదు. చనిపోయిన అమ్మాయి పేరు.

దర్యాప్తు ఎట్ల నడుస్తుందో కూడా ఓపికగా చూపిస్తారు. ఆ పడవలో ప్రయాణించినవాళ్లంతా ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు సరదాగా తీసుకున్న ఫొటోలు, చిన్న చిన్న ఫిల్మ్‌లు తెప్పించి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూస్తారు. పక్కన నిలబడింది ఎవరు, వెనకాల నీడలో ఉన్నది ఎవరు. మన భాషలో చెప్పాలంటే లాగ్స్ చదవడం. రాత్రి రెండింటికి బగ్ దొరక్క లైను తర్వాత లైను చూసుకుంటూ పోయినవాళ్లకి ఆ చాప్టర్లు బోర్ కొట్టవు. ఇక్కడ తెలివికన్నా ఓపిక ఎక్కువ పని చేస్తుంది. టీమ్‌లో మెలాండర్ అని ఒకాయన ఉన్నాడు, ఆయన పనే చూసింది మర్చిపోకపోవడం.

ఇప్పుడు కర్నూలు, కడప పిల్లలకి ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను.

మనం బయటి ఊరికి హ్యాకథాన్‌కో, ఇంటర్న్‌షిప్‌కో పోతే మొదటి ప్రశ్న ఏముంటుందో అందరికీ తెలుసు. "మీది కర్నూలా? బాంబులు ఇంట్లోనే చేస్తారంట కదా?" నవ్వేసి ఊరుకుంటాం. ఆ ప్రశ్న సినిమాల నుంచి వచ్చింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. వరసగా వచ్చాయి, వరసగా ఆడాయి. మనమే విజిల్స్ వేశాం. మా సీమలో ఫ్యాక్షన్ లేదని నేను చెప్పట్లేదు. ఉంది. దానివల్ల మగవాళ్లు లేని ఇళ్లు మిగిలాయి, చదువులు ఆగిపోయాయి. నా అభ్యంతరం సినిమాలో హత్యలు చూపించారని కాదు, హత్య తర్వాత ఏమీ చూపించలేదని. సుమో పేలుతుంది, పదిమంది గాల్లోకి లేస్తారు. ఆ పదిమందికి పేర్లుండవు. శవ పంచనామా ఎవరు రాశారు, పోస్టుమార్టం గది బయట ఎవరు కూర్చున్నారు, సాక్షి ఎందుకు అడ్డం తిరిగాడు, వాయిదాలకి తిరిగి తిరిగి ఆ ముసలి తల్లి బస్సు ఛార్జీలకి ఎంత ఖర్చు పెట్టింది, ఇవేవీ కథలోకి రావు. ఈ విషయంలో 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' కొంచెం నయం. నరుక్కోవడం అయ్యాక మిగిలే ఆడవాళ్ల సంగతేంటని అదైనా అడిగింది.

హత్య అంటే హీరో ఎంట్రీకి ముందు వచ్చే సీన్ అని చిన్నప్పటి నుంచి చూసి చూసి మనకి అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలంటే ఒక్క చావు చుట్టూ నెలల తరబడి నడిచే పుస్తకం కావాల. ఒక మనిషిని చంపితే ఎంత పని పడుతుందో, ఎంతమంది నిద్ర పోతుందో తెలియాల. 'రోజానా' ఆ పని చేస్తుంది. నెస్బో చేయడని కాదు. కానీ నెస్బోలో వేగం ఎక్కువ, శవాలు ఎక్కువ. మన కళ్లు ఆల్రెడీ వేగానికి, శవాలకి అలవాటు పడినవి. మొదలే అక్కడ పెడితే ఇది కూడా ఇంకో మాస్ సినిమానే అనిపించే ప్రమాదం ఉంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

ఒకటి, స్లోగా ఉంటుంది. నిజమే. ఇంగ్లీషు మీడియం వాళ్లం కాబట్టి భాష అడ్డం కాదు, వాక్యాలు చాలా సింపుల్. పేర్లు మాత్రం ఇబ్బంది పెడతాయి. పుస్తకం వెనక పేజీలో పేరు, ఆయన ఎవరు అని ఒక లైను రాసుకుంటూ పోండి, మూడో రోజుకి అవసరం ఉండదు. రాత్రికి రెండు చాప్టర్లు చదివితే 15 రోజులు. సెమిస్టర్ మధ్యలో కూడా అయిపోతుంది.

రెండు, రచయితలు వామపక్షం వాళ్లు, స్వీడన్ ప్రభుత్వాన్ని తిట్టడానికే రాశారు. ఇదీ కొంత నిజం. చివరి రెండు మూడు పుస్తకాల్లో నాకు ఉపన్యాసం వాసన కొట్టింది. కానీ మొదటి నాలుగు పుస్తకాల్లో ఆ కోపం కథలోనే కలిసిపోయి ఉంటుంది. నాలుగోది 'ది లాఫింగ్ పోలీస్‌మన్', స్టాక్‌హోమ్‌లో ఒక సిటీ బస్సులో జరిగే కాల్పులతో మొదలవుతుంది. 1971లో అమెరికాలో ఎడ్గర్ అవార్డు దానికే వచ్చింది. అక్కడి దాకా చదివి, నచ్చకపోతే ఆపేయండి.

మూడు, అమ్మాయిల మీద హింస గురించే అయితే లిస్‌బెత్ సలాండర్ ఉంది కదా. ఉంది. స్టీగ్ లార్సన్ 2004లో చనిపోయాడు, పుస్తకం 2005లో వచ్చింది. దానికి స్వీడిష్‌లో ఆయన పెట్టిన పేరుకి అర్థం 'ఆడవాళ్లని ద్వేషించే మగవాళ్లు'. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది టాటూ ఉన్న అమ్మాయి అయింది. సమస్య ఎవరిదో చెప్పే పేరు పోయి, చూడ్డానికి వింతగా ఉన్న అమ్మాయి పేరైంది. 'రోజానా' చదివి దాని దగ్గరికి పోతే, లార్సన్ అసలు పేరు ఎందుకు అట్ల పెట్టాడో ఇంకా బాగా అర్థమవుతుంది. 'రోజానా'లో కూడా ఆమె ఎంత స్వేచ్ఛగా బతికిందో తెలిసినప్పుడు కొందరి గొంతులో తేడా వస్తుంది. అరవై ఏళ్ల కిందటి స్వీడన్ గొంతు, కానీ ఇవాళ మన బస్టాండ్‌లో వినబడే గొంతుకి పెద్ద తేడా లేదు.

బెక్ తర్వాత ఎవరంటే, హెన్నింగ్ మాంకెల్. ఈయన డిటెక్టివ్ కుర్ట్ వాలాండర్, ఊరు ఈస్టాడ్. రాజధాని కాదు, దక్షిణాన ఒక మూల ఉండే చిన్న ఊరు. మొదటి పుస్తకం 'ఫేస్‌లెస్ కిల్లర్స్', స్వీడిష్‌లో 1991. పల్లెలో ముసలి రైతు దంపతుల మీద దాడి జరుగుతుంది. చనిపోయే ముందు ఆ ముసలామె అన్న ఒక్క మాట బయటికి పొక్కి, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే చేశారన్న పుకారు లేస్తుంది. తర్వాత దాడులు మొదలవుతాయి. వాట్సాప్ ఫార్వర్డ్ ఎంత పని చేయగలదో తెలిసిన మనకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మాంకెల్ తర్వాత నెస్బో, అది కూడా 'ది రెడ్‌బ్రెస్ట్' నుంచి, ఎందుకంటే మొదటి రెండూ సిడ్నీ, బ్యాంకాక్‌లలో జరుగుతాయి, ఓస్లో మొదలయ్యేది మూడోదాంతోనే. ఆ మూడూ అయ్యాక వెనక్కి పోయి మొదటి రెండూ చదువుకోవచ్చు. లార్సన్ చివర్లో. ఇది నా వరస.

ఇవన్నీ చదివితే ఇంకో ఆశ కూడా పుడుతుంది. ఈస్టాడ్ లాంటి చిన్న ఊరికి అన్ని పుస్తకాలు పట్టినప్పుడు ప్రొద్దుటూరుకి ఎన్ని పట్టాల? ఆదోనికి, నంద్యాలకి ఎన్ని? సీమ జీవితం రాసినవాళ్లు మనకి లేక కాదు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలకి 1996లోనే కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కరువు గురించి, వలస గురించి, ఊరి రాజకీయం గురించి ఆ కథలు చదివితే మన ఊరి మాట, మన ఊరి మౌనం రెండూ వినబడతాయి. ఆ చూపుతో ఒక సీఐని, ఒక స్టేషన్ రైటర్‌ని, నాలుగు లైన్ల వార్తలో మిగిలిపోయిన ఒక మనిషిని పట్టుకుని పది పుస్తకాలు రాస్తే చదవాలని నాకు ఆశ. కొండారెడ్డి బురుజు ఫైట్ సీన్ వెనకాల కాకుండా, డ్యూటీ దిగి ఇంటికి పోయే కానిస్టేబుల్ దారిలో కనబడాల.

షోవల్, వాలో ఇద్దరూ జర్నలిస్టులుగా పనిచేసినవాళ్లు. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లు టేబుల్‌కి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒక చాప్టర్ ఒకరు, ఒక చాప్టర్ ఇంకొకరు రాసేవాళ్లు. పదేళ్లు అట్లే రాశారు. మన క్లబ్‌లో కోడ్ కలిసి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. కథ కలిసి రాయడానికి కూడా ఇద్దరు చాలు.